నవలకు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని?

తాడిపత్రి నుంచి ఒక పాఠకురాలు: "మా నవలల వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ అక్క 'పాత సీరియళ్ల కలెక్షన్' అని ఒక ఫైల్ పెట్టింది. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది. పుస్తకాలు మాత్రం కనపడలేదు. అప్పట్నుంచి ఫోన్ వేడెక్కుతోంది. ఏ యాంటీవైరస్ వేసుకోవాలి?"

ఇదే ప్రశ్న గుత్తి నుంచి, ప్రొద్దుటూరు నుంచి, ఆదోని నుంచి కూడా వచ్చింది. ఊరు మారుతోంది, నవల పేరు మారుతోంది, కథ మాత్రం ఒకటే. యాంటీవైరస్ సంగతి పక్కన పెట్టండి. ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇవన్నీ అయ్యాక మిగతాది చదవండి.

మీరు నొక్కింది పుస్తకం కాదు, ఏపీకే. అంటే యాప్. పీడీఎఫ్ గానీ, ఈ-పుస్తకాల ఫైల్ అయిన ఈపబ్ గానీ నొక్కితే తెరుచుకుంటుంది, అంతే. మిమ్మల్ని ఏ అనుమతీ అడగదు. మీ ఫైల్ ఎస్సెమ్మెస్‌లు చదువుతానని అడిగింది, మీరు సరేనన్నారు. ఇక బ్యాంకు పంపే ఓటీపీ మీకంటే ముందే ఇంకెవరికో అందుతుంది.

నన్ను దీనికంటే ఎక్కువ భయపెట్టేది యాక్సెసిబిలిటీ అనుమతి. చూపు లేనివారి కోసం, చేతులు సరిగా ఆడనివారి కోసం పెట్టిన సౌకర్యమది. అది దక్కిన యాప్ తెరమీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. తనను తీసేయబోతే ఆ పేజీనే మూసేయగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయట తెచ్చుకున్న యాప్‌లకు ఈ అనుమతి ఇవ్వబోతే ఫోన్ అడ్డుపడుతోంది. మోసగాళ్లకు ఆ సంగతి తెలుసు. 'మూడు చుక్కలు నొక్కండి, రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అలౌ చేయండి' అని బొమ్మలతో సహా నేర్పిస్తారు. ఒక్క సీరియల్ చదవడానికి ఇన్ని తిప్పలేంటని ఒక్కసారైనా అనిపించలేదా అమ్మా?

అక్కను తిట్టకండి. ఆమె ఫోన్ కూడా ఇలాగే దొరికిపోయి ఉంటుంది. మోసగాళ్ల చేతికి చిక్కిన వాట్సాప్ నుంచి అన్ని గ్రూపులకూ అదే ఫైల్ పోతుంది. అందుకే అది తెలిసినవాళ్ల పేరుతో వస్తుంది, మనం నమ్మేస్తాం. ఆమెకు మెసేజ్ పెట్టొద్దు, ఫోన్ చేసి చెప్పండి.

తీసేయడం ఎలాగంటే, సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి ఆ రోజు వచ్చిన దాన్ని వెతకండి. బొమ్మ కనపడకుండా దాక్కుని ఉండొచ్చు. అన్‌ఇన్‌స్టాల్ నొక్కుడు పడకపోతే డివైస్ అడ్మిన్ యాప్‌లలో దాని టిక్ తీసేయండి. అదీ కుదరకపోతే, మనం వేసుకున్న యాప్‌లేవీ నడవకుండా ఫోన్ తెరుచుకునే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. అప్పటికీ మొండికేస్తే ఫోటోలు కాపీ చేసుకుని ఫోన్ మొత్తం రీసెట్ చేయడమే. తర్వాత వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, మీవి కానివి ఉంటే తీసేయండి, టూ స్టెప్ పిన్ పెట్టుకోండి. మీ కాల్స్‌ను వాళ్లు వేరే నంబర్‌కు మళ్లించి ఉండొచ్చు; ##002# డయల్ చేస్తే అలాంటి కాల్ ఫార్వార్డింగ్‌లన్నీ రద్దవుతాయి. చివరగా, 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' పేజీలో వాట్సాప్‌కు ఇచ్చిన అనుమతి తీసేయండి. ఒకసారి ఇస్తే అది అలాగే ఉండిపోతుంది.

తప్పంతా మీదే అనను. కబుర్లు చెప్పుకునే యాప్‌లో పుస్తకానికీ ప్రోగ్రామ్‌కూ ఒకే తెల్లటి డబ్బా గీసి, పొడవాటి పేరును మధ్యలో కోసి చూపించే డిజైన్ ఎవరి బుర్రలో పుట్టిందో! ఏపీకే వస్తే డబ్బా ఎర్రగా చూపించడానికి అంత కష్టమా?

ఇంకోమాట. బతికున్న రచయితల నవలలు స్కాన్ చేసి పంచడం మన గ్రూపుల్లో అలవాటైపోయింది కాబట్టే ఈ వల పారుతోంది. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. అది తీరిపోయిన పుస్తకాలు కొన్ని తెలుగు వికీసోర్స్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, ఏ అనుమతీ అడగకుండా.

కర్నూలు నుంచి: "నవలల గ్రూపులో చేరినప్పట్నుంచి ముక్కూముఖం తెలియనివాళ్లు హాయ్ అని పెడుతున్నారు. నంబర్ దాచేదెలా?"

మామూలు వాట్సాప్ గ్రూపులో మీ నంబర్ సభ్యులందరికీ కనపడుతుంది. చేరే లింకు ఫేస్‌బుక్‌లో పడిందంటే ఎవరైనా లోపలికొస్తారు. అడ్మిన్‌తో ఆ లింకు రీసెట్ చేయించండి. లేదా గ్రూపును టెలిగ్రామ్‌కు మార్చమనండి. అక్కడ ప్రైవసీలో ఫోన్ నంబర్ 'నోబడీ' అని పెట్టుకుంటే కలం పేరుతోనే మాట్లాడుకోవచ్చు. ఒక హీరోయిన్ గురించి గంటసేపు వాదించుకోవడానికి మీ నంబర్ ఎవరికీ అక్కర్లేదు.

జమ్మలమడుగు నుంచి: "నేను రాసే సీరియల్‌కు మంచి పాఠకులున్నారు. ఆ కథల యాప్‌లో నా అకౌంట్ లాక్ అయింది. నా దగ్గర కాపీ లేదు. ఎపిసోడ్లు వెనక్కి వస్తాయా?"

కంపెనీకి రాస్తూ ఉండండి. అంతకు మించి నేను చేయగలిగింది లేదు. కానీ ఈ ఉత్తరం చదివాక కథల యాప్‌ల మీద నా కోపం ఆగలేదు. రాసినవాళ్లకు 'నా కథలన్నీ ఒక్క ఫైల్‌గా ఇవ్వు' అనే బటన్ చాలావాటిలో ఉండదు. చదివేవాళ్లకేమో లాకులు, అవి తెరవడానికి కొనాల్సిన నాణేలు, కాంటాక్ట్స్ అనుమతి! నా కాంటాక్ట్స్‌లో ఉన్న పాలాయన నంబర్‌తో ప్రేమకథకు ఏం సంబంధం? అర్ధరాత్రి 'ఆమె అతన్ని క్షమించిందా?' అని నోటిఫికేషన్. అది చూస్తే చాలు, ఎపిసోడ్ సస్పెన్స్ సగం చచ్చిపోతుంది.

ఇలాగే ఉండాలని రూలేమీ లేదు. అభిమానులు రాసే కథల కోసం అభిమానులే నడుపుకునే 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' 2009 నుంచి పనిచేస్తోంది. ప్రకటనలు లేవు. ఏ కథనైనా ఈపబ్‌గానో పీడీఎఫ్‌గానో దించుకోవచ్చు. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు కూడా వచ్చింది. వారపత్రికల సీరియల్ పేజీలు చింపి, కుట్టి, బైండు చేయించుకున్న మన అమ్మలకు తమ కాపీ తమ చేతిలో ఉండేది. ఇప్పుడు రాసినవాళ్ల చేతిలోనే లేదు.

మీ పాఠకుల్లో ఎవరైనా స్క్రీన్‌షాట్లు దాచుకున్నారేమో అడగండి. ఉంటే వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగు అక్షరాలను అది టైపు అక్షరాలుగా మారుస్తుంది. వత్తుల దగ్గర తప్పులు దిద్దుకోవాలి. ఇకమీదట ముందు మీ ఫోన్‌లోని నోట్స్‌లో రాసి, తర్వాతే యాప్‌లో పెట్టండి.

రాయదుర్గం మాస్టారికి: డీటీపీకి వాడే పేజ్‌మేకర్‌లోని మీ పాత కథలు ఫోన్‌లో పిచ్చిగీతల్లా కనపడటం వైరస్ వల్ల కాదు, అవి అన్ని ఫోన్లూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో లేవు. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కు మార్చండి. మీ గ్రూపులో చూపు లేనివాళ్లుంటే వాళ్ల ఫోన్ అప్పుడే ఆ కథలు చదివి వినిపించగలదు. స్కాన్ పెడితే అలా సాఫీగా చదవదు.