ఇటాలియన్‌లో విశేషణం నామవాచకానికి ముందా, వెనకా?

“మాక్కినా రొస్సా” అంటే ఎర్ర కారు, “బెల్లా మాక్కినా” అంటే అందమైన కారు. ఒకదాంట్లో విశేషణం వెనక, ఇంకోదాంట్లో ముందు ఎందుకుంది అని అడిగారు.

నేను ఇటలీలోని టూరిన్‌లో చదువుకునేటప్పుడు అద్దె ఇంటి ప్రకటనలు తెగ చదివేదాన్ని. ఈ విషయం నాకు బాగా పట్టుబడింది అక్కడే. “అప్పార్తమెంతో అర్రెదాతో” అంటే సామాన్లతో సహా ఇచ్చే ఫ్లాటు, “రిస్కల్దమెంతో ఔతోనొమో” అంటే ఆ ఫ్లాటుకే విడిగా ఉండే హీటింగు. మన డబ్బుకు సంబంధించిన ఇలాంటి వివరాలన్నీ నామవాచకం వెనకే ఉంటాయి. కానీ ఓనరు తన ఇంటిని పొగిడేటప్పుడు “లుమినోజో అప్పార్తమెంతో” అని రాస్తాడు, అంటే వెలుతురున్న ఫ్లాటు. అదే ఇల్లు వెతుక్కునే మనం “చేర్కో ఉన్ అప్పార్తమెంతో లుమినోజో” అంటాం. చీకటి కొంపలు వద్దు, వెలుతురున్నదే కావాలని.

అసలు కిటుకంతా ఇదే. వెనక వచ్చే విశేషణం నాలుగింటిలోంచి ఒకదాన్ని ఏరి చూపిస్తుంది. ముందు వచ్చేది మాట్లాడేవాళ్ల అభిప్రాయాన్నో, మెచ్చుకోలునో, ఇద్దరికీ ముందే తెలిసిన గుణాన్నో చెబుతుంది. తెలుగులో విశేషణం ఎప్పుడూ ముందే కాబట్టి “పాత తాళంచెవి ఇవ్వు, కొత్తది కాదు” అని మనం గొంతుతో నొక్కి చెబుతాం. ఇటాలియన్‌లో ఆ పని చాలావరకు స్థానమే చేస్తుంది. “లా కియావే వెక్కియా” అంటే కొత్తది కాదు, ఆ పాతదే అని.

రంగు, దేశం, ఆకారం చెప్పే మాటలు వెనకే ఉంటాయి: వీనో బియాంకో (తెల్ల వైను), కుచీనా ఇతాలియానా (ఇటాలియన్ వంట), తావొలో రొతోందో (గుండ్రటి బల్ల). వీటితో టెన్షన్ లేదు. బెల్లో (అందమైన), బువోనో (మంచి), గ్రాందే (పెద్ద), పిక్కొలో (చిన్న), వెక్కియో (పాత) లాంటి రోజువారీ చిన్న మాటలు ఎక్కువగా ముందుకొస్తాయి. “మోల్తో” (చాలా) తోడైతే మాత్రం అవీ వెనక్కి వెళ్తాయి: “ఉనా కాజా మోల్తో బెల్లా”, అంటే చాలా అందమైన ఇల్లు.

జాగ్రత్తగా ఉండాల్సింది చోటు మారితే అర్థం మారే మాటలతోనే. “వెక్కియో అమీకో” చిన్నప్పటి నుంచీ తెలిసిన స్నేహితుడు కావచ్చు, వయసు పాతికే ఉండొచ్చు. “అమీకో వెక్కియో” వయసు మళ్లినవాడు. “పోవెరో ఉవోమో” అంటే పాపం అనిపించే మనిషి, “ఉవోమో పోవెరో” అంటే డబ్బులేని మనిషి. “దివెర్సే పెర్సోనే” చాలామంది, “పెర్సోనే దివెర్సే” వేర్వేరు రకాల మనుషులు. ఇంకొకటి, “చెర్తే నొతీత్సియే” అంటే ఏవో కొన్ని వార్తలు, “నొతీత్సియే చెర్తే” అంటే ఖాయమైన వార్తలు. ఈ జంటలను మాత్రం విడివిడిగా కాకుండా పక్కపక్కనే రాసుకుని నేర్చుకోండి.

రెండు విశేషణాలు వస్తే మనం “చిన్న గుండ్రటి బల్ల” అని రెండూ ముందే పెడతాం. వాళ్లు “ఉన్ పిక్కొలో తావొలో రొతోందో” అని బల్లను మధ్యలో కూర్చోబెడతారు. నాకు ఇటాలియన్‌లో చాలా ఇష్టమైన అమరిక ఇది.

కొత్త విశేషణం ఎదురై ఎటు పెట్టాలో తోచకపోతే వెనకే పెట్టండి, ఎక్కువసార్లు సరిపోతుంది. ముందున్నా వెనకున్నా లింగ వచనాలు మాత్రం నామవాచకంతో కలవాలి. బెల్లో, బువోనో ముందుకొస్తే చాలాసార్లు రూపం కూడా మారుతుంది: బెల్ రగాత్సో (అందమైన అబ్బాయి), బువోన్ వీనో (మంచి వైను).