మా ఊరి ప్రశ్న ఐదోది

మన తెలంగాణ అసెంబ్లీ ఏడాదికి కనీసం ఎన్ని రోజులు నడవాలి, తక్కువ నడిస్తే మనకేం నష్టం అని అడిగారు. కనీసం ఇన్ని రోజులని రాజ్యాంగంలో లేదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు, అంతే. అసలు రోగం అక్కడే ఉంది. ఏడాదికి 60 రోజులు నడిపి తీరాలని ఉంటే ఈపాటికి మా వాగు మీద వంతెన పడేది.

మా ఊరు హనుమకొండకు గంట దూరం. వాన గట్టిగా పడితే కల్వర్టు మునుగుతుంది, బస్సు రాదు. మా చిన్నమ్మను నొప్పులప్పుడు ట్రాక్టర్ మీద వాగు దాటించినం.

కొన్నేళ్ల కింద మా ఎమ్మెల్యే ఆ వంతెన మీద ప్రశ్న వేశారని తెలిసి, అసెంబ్లీలో కూర్చుని చూసేందుకు గ్యాలరీ పాసులు అడిగి తెచ్చుకున్నాం. నేనూ మా బాపూ తెల్లారకముందే బస్సెక్కినం. గేటు దగ్గర ఫోన్లతో పాటు బాపు సున్నం డబ్బీ కూడా తీసిపెట్టుకున్నారు.

మా ప్రశ్న ఐదోది. మొదటిదానికే ముప్పావు గంట పట్టింది. రెండోది నడుస్తుండగా కొందరు సభ్యులు స్పీకర్ పోడియం దగ్గరికి పోయి నినాదాలు మొదలుపెట్టారు. సభ వాయిదా పడింది. మళ్లీ కూర్చునేసరికి ప్రశ్నోత్తరాల సమయం అయిపోయింది. మిగిలిన వాటికి జవాబులు కాగితం మీద పెట్టేశారు. మాది ఒక్క ముక్క: 'ప్రతిపాదన పరిశీలనలో ఉంది.' మంత్రి లేచి చెప్పి ఉంటే, మా ఎమ్మెల్యే 'ఎప్పటిలోగా?' అని అనుబంధ ప్రశ్న వేసేవారు, ఏదో ఒక గడువు చెప్పక తప్పేది కాదు. కాగితాన్ని ఎవరు నిలదీస్తారు? సభ ఇంకిన్ని రోజులు నడిస్తే నిలదీసే అవకాశం ఇంకోటన్నా దొరికేది. మెట్లు దిగుతూ బాపు, "మన ఊరి పేరు గూడ సదవలేదు గద బిడ్డా" అన్నడు.

తప్పు మనదీ ఉంది. పెళ్లికి రాలేదని, దశదిన కర్మకు రాలేదని ఎమ్మెల్యే మీద అలుగుతాం. సభలో ఎన్ని ప్రశ్నలు వేశావని ఒక్కరం అడగం. 119 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది కూర్చుంటే కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, సరిపోతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా స్థానాలే 12! మన జిల్లా వాళ్లు కుర్చీలు వదలకుండా కూర్చుంటే చాలు, కోరం లేదని సభ ఆగదు.

మీ ఊరికీ ఇలాంటి సమస్య ఉంటే సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తకండి. ప్రశ్నకు ఎమ్మెల్యే ముందే నోటీసు ఇవ్వాలి. ఊరి పేరు, వాగు పేరు, బస్సు ఆగిపోయిన తేదీలు రాసిన కాగితం నెల ముందే ఎమ్మెల్యే చేతిలో పెట్టండి. మేం ఈసారి అదే చేస్తున్నాం.