వరంగల్‌లో ఉండి 400 హార్స్ పవర్ టర్బో కారు చేయాలంటే ముందు ఏం కొనాలి, ఎక్కడ టెస్ట్ చేయాలి?

తమ్ముడూ, పాత ఆక్టేవియా ఆర్ఎస్ 1.8 టర్బో కొన్నానన్నావు, 400 హార్స్ పవర్ కావాలన్నావు, ముందు ఏ టర్బో కొనమంటారు, తయారయ్యాక వరంగల్ చుట్టుపక్కల ఎక్కడ టెస్ట్ చేయాలి అని అడిగావు. అదే 20 వాల్వుల ఇంజిన్‌తో హన్మకొండలో మేం ఒక కారు చేశాం, ఇప్పటికీ బాగా నడుస్తోంది, కాబట్టి చూసిందే చెప్తాను. టర్బో అన్నిటికంటే చివర కొను. కంపెనీ నుంచి 150 హార్స్ పవర్‌తో వచ్చిన ఇంజిన్ అది, దానికి రెండున్నర రెట్లు పైగా అడుగుతున్నావు. టర్బోకి ఒక రూపాయి పెడితే, ఆ టర్బో నెట్టే గాలిని తట్టుకోవడానికి మిగతా వాటికి మూడు రూపాయలు పెట్టాల్సి వస్తుంది.

ముందు పెట్రోల్ సంగతి తేల్చుకో. హైదరాబాద్‌లో కొన్ని బంకుల్లో 100 ఆక్టేన్ పెట్రోల్, అంటే ఎక్కువ ఒత్తిడిలోనూ తనంతట తాను అంటుకోని రకం, దొరుకుతుంది. ట్యూనర్ దగ్గర అదే పోయించి మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోల్, ఎప్పుడు స్పార్క్ అని ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్టే లెక్క) చేయించుకుంటే కాగితం మీద నంబర్ బ్రహ్మాండంగా వస్తుంది, కానీ నువ్వు తిరిగేది హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ రోడ్డు. ఇక్కడ రోజూ ఏ బంకులో పోయిస్తావో ఆ పెట్రోల్ మీదే మ్యాప్ చేయించు. 100 ఆక్టేన్‌కి వేరే మ్యాప్ కావాలంటే తర్వాత పెట్టించుకోవచ్చు. పైగా ఇప్పుడు మామూలు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. మంట సరిగ్గా మండాలంటే ఇథనాల్ కలవని పెట్రోల్ ఒక వంతుకి బరువులో 14.7 వంతుల గాలి లెక్క, ఇథనాల్ కలిసినదానికి అది దాదాపు 13.5కి దిగుతుంది. అంటే అంతే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. అందుకే ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి) నంబర్లు పక్కనపెట్టి లాంబ్డాలో చూడటం అలవాటు చేసుకో, అందులో సరైన పాళ్లు అంటే 1, అంతకంటే తగ్గితే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, ఏ పెట్రోల్ అయినా లెక్క మారదు. ఫుల్ లోడ్‌లో మేం 0.80కీ 0.85కీ మధ్య ఉంచుతాం. నీ కారు వయసుకి పెట్రోల్ పైపుల రబ్బరు కూడా మార్చేయ్, ఇథనాల్‌కి ఆ పాత రబ్బరు నిలవదు.

ఇంజెక్టర్ల లెక్క చాలామంది అడగరు కానీ అక్కడే ఇంజిన్లు పోతాయి. 400 హార్స్ పవర్ దగ్గర టర్బో ఇంజిన్ ఒక్కో హార్స్ పవర్‌కి గంటకు సుమారు 0.27 కిలోల పెట్రోల్ తాగుతుంది, అంటే మొత్తం నిమిషానికి దాదాపు రెండున్నర లీటర్లు. నాలుగు ఇంజెక్టర్లకి పంచి, అవి 85 శాతానికి మించి తెరుచుకోకూడదని పెట్టుకుని, ఇథనాల్‌కి కొంచెం కలిపితే ఒక్కోటి 770 సీసీ దగ్గరికొస్తుంది. 800 తీసుకో. పంపు కూడా ఫుల్ బూస్ట్‌లో (టర్బో గాలిని నొక్కి పెంచే ఒత్తిడే బూస్ట్) అంత పెట్రోల్ ఇవ్వగలదో లేదో కొలిచి చూడు, డబ్బా మీద రాసిన నంబర్ చూసి నమ్మకు.

ఇక వేడి. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే కదా. 40 డిగ్రీల గాలిని టర్బో 1 బార్ బూస్ట్‌కి నొక్కితే, కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేసినా ఆ గాలి దాదాపు 140 డిగ్రీలతో బయటికొస్తుంది. దాన్ని చల్లార్చాల్సింది ఇంటర్‌కూలర్. ఈ కారుకి కంపెనీ ఇచ్చింది బంపర్ మూలలో చక్రం ముందు దాక్కున్న చిన్నది, 150 హార్స్ పవర్‌కి సరిపోతుంది, నీకు చాలదు. ముందు భాగంలో పెద్దది పెట్టించు, గాలి దాని పక్కల నుంచి తప్పించుకోకుండా రేకుతో మూయించు. వేడి గాలి లోపలికి పోతే నాక్, అంటే పెట్రోల్ టైం కాకుండా తనంతట తాను పేలడం, మొదలవుతుంది, నాక్ వస్తే పిస్టన్ అంచు విరుగుతుంది, అంతే సంగతి. జనవరి రాత్రి చేయించిన మ్యాప్‌ని ఎండాకాలంలో మళ్లీ లాగ్ (ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన నంబర్లు) తీసి చూడకుండా ఫుల్‌గా తొక్కొద్దు.

ఇంజిన్ లోపల ఈ 1.8కి బలహీనత పిస్టన్లను క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్లు. 400 న్యూటన్ మీటర్ల టార్క్ దాటాక వంగుతాయి, అదీ ఎక్కువగా తక్కువ ఆర్‌పీఎంలో బూస్ట్ ఒక్కసారిగా ఎక్కినప్పుడు. ఫోర్జ్‌డ్ రాడ్లు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించాల్సిందే, ఇక్కడ పొదుపు చేయకు. లేత్ పనికి హైదరాబాద్ దాకా పోవాల్సిన పనిలేదు. లారీలు, ట్రాక్టర్ల ఇంజిన్లు బోరింగ్ చేసే మంచి చేతులు మన వరంగల్‌లోనే ఉన్నాయి. మా ఇంజిన్ చేసిన మేస్త్రీ రింగును బోరులో పెట్టి, పిస్టన్‌ను తిరగేసి దాంతో రింగును సమంగా లోపలికి నెట్టి, రింగు కొసల మధ్య చీలికలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూసి, తీసి, ఆకురాయితో రెండు పట్లు పట్టి, మళ్లీ పెట్టి చూసేవాడు. ప్రతి రింగుకీ అంతే, గేజ్ మనం పట్టుకుంటే తెలియని తేడా ఆయన వేళ్లకి తెలిసేది. మనం చేయాల్సిందల్లా పిస్టన్ కంపెనీ కాగితంలో టర్బోకి ఇచ్చిన గ్యాప్ కొలత ఆయన చేతిలో పెట్టడం. మామూలు కారు లెక్కన బిగువుగా ఉంచితే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగిలి పిస్టన్‌నే పగలగొడతాయి.

టెస్టింగ్ అంటే రోడ్డెక్కి తొక్కడం అనుకుంటారు మనవాళ్లు. అసలు టెస్టింగ్ షెడ్డులోనే మొదలవుతుంది. ప్లగ్గులు తీసేసి, పెట్రోల్ ఆపేసి, ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టు. కొత్త ఇంజిన్‌కి మొదట్లో వాడే రన్-ఇన్ ఆయిల్ దించాక ఫిల్టర్ పారేయకు, కోసి కాగితం మడతలు విప్పి ఎండలో చూడు, మెరిసే రేణువులు ఉంటే అయస్కాంతానికి అంటుతున్నాయో లేదో చూడు. తర్వాత లీక్ టెస్ట్. మా కారులో 1 బార్ అడిగితే 0.8 దగ్గరే ఆగేది, అందరూ టర్బో పోయిందన్నారు. ఇన్‌టేక్‌కి మూత బిగించి, కంప్రెసర్‌తో గాలి ఎక్కించి, పైపుల మీద సబ్బునీళ్లు కొడితే ఇంటర్‌కూలర్ కింది కప్లర్ (పైపులను కలిపే రబ్బరు గొట్టం) దగ్గర సన్నగా బుడగలు వచ్చాయి. క్లిప్ అంచు రబ్బరును కోసేసింది. లీక్ ఉంటే ఆ లోటు పూడ్చడానికి టర్బో ఉండాల్సిన దానికంటే వేగంగా తిరిగి త్వరగా పోతుంది, అందుకే లీక్ టెస్ట్ కాకుండా మా షెడ్డు నుంచి కారు బయటికి పోదు.

ఆ తర్వాత వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఆపే కవాటం) స్ప్రింగ్ ఇచ్చే బూస్ట్ మీదే మొదలుపెట్టి, ఒక పుల్ (ఒకే గేర్‌లో పూర్తిగా తొక్కి పైదాకా లాగడం), ఒక లాగ్. లాగ్ చదవకుండా ఇంకో పుల్ వద్దు. కంపెనీ ఈసీయూనే (ఇంజిన్ కంప్యూటర్) ఉంచితే, దాన్ని ల్యాప్‌టాప్‌లో చదివే వీసీడీఎస్ సాఫ్ట్‌వేర్‌లో బ్లాక్ 115లో అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ పక్కపక్కన కనిపిస్తాయి, బ్లాక్ 020లో నాక్ వల్ల ఏ సిలిండర్‌లో స్పార్క్ టైమింగ్ ఎంత వెనక్కి తీస్తోందో కనిపిస్తుంది. ఒకే సిలిండర్ ఎక్కువ వెనక్కి తీస్తుంటే ముందు ఆ ఇంజెక్టర్, ఆ ప్లగ్గు చూడు. ప్లగ్గు తీసి తెల్ల పింగాణీ మీద భూతద్దం పెట్టు. మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం చుక్కలు గానీ ఉంటే బూస్ట్ అక్కడే ఆపెయ్, కంప్యూటర్ ఏం చెప్పినా సరే. ఇంకోటి, కంపెనీ బూస్ట్ సెన్సర్ 2.5 బార్ వరకే చదువుతుంది, అందులో 1 బార్ బయటి గాలిదే. అంటే 1.5 బార్ బూస్ట్ పైన ఈసీయూకి కళ్లు లేనట్టే, ముందే మార్చించు.

ఎక్కడ టెస్ట్ చేయాలి అన్నావు. హైదరాబాద్ హైవే మీద రాత్రిపూట అనే ఆలోచన ఉంటే దయచేసి మానుకో. కోతల టైంలో రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు, లైట్లు లేని ట్రాక్టర్లు ఉంటాయి, బర్రెలు ఉంటాయి. అక్కడ పోయేది నీ ఒక్కడి ప్రాణం కాదు. రోడ్డు మీద రేసింగ్, స్పీడ్ ట్రయల్ పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ఉంది. మామునూరు రన్‌వే గురించి కూడా కుర్రాళ్లు అడుగుతుంటారు, అది ఎయిర్‌పోర్ట్ స్థలం, మన కార్లకి కాదు. మ్యాప్ పని డైనో (కారును నిలబెట్టి చక్రాలు రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద పూర్తి చేయించి, ఫుల్ స్పీడ్ టెస్ట్‌కి కారు ట్రక్కు మీద ఎక్కించి కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో ట్రాక్ డే చూసుకుని పో. ఖర్చే, కానీ అంబులెన్స్, మార్షల్స్ ఉంటారు, మలుపు తర్వాత ఎదురుగా ఎవరూ రారు.

ఆర్‌సీలో లేని మార్పులతో రోడ్డు మీద పట్టుబడితే 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి కూడా అడ్డొస్తుంది. అందుకే దీన్ని ట్రాక్ కారుగానే ఉంచుకుని, రోజూ తిరగడానికి వేరే బండి వాడుకో అంటాను.

క్లచ్, బ్రేకులు, టైర్లు ఎలాగూ మారతాయి. ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి ఎల్ఎస్‌డీ (ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) కూడా బడ్జెట్‌లో పెట్టు, లేకపోతే సెకండ్ గేర్‌లో 400 హార్స్ పవర్ అంతా పొగైపోతుంది. ఇప్పుడు మాత్రం ఏమీ విప్పకు. కారు ఉన్నదున్నట్టు థర్డ్ గేర్‌లో ఒక పుల్ బ్లాక్ 115, ఇంకో పుల్ బ్లాక్ 020 లాగ్ తీయించు, డైనో మీదే, దాంతోపాటు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించు. ఆ నంబర్లు పంపితే ఇంజిన్ దించాలో, ముందు హెడ్డు చూడాలో చెప్తాను.