పెరటి సేద్యం – పాఠకుల ప్రశ్నలు: క్యాబేజీ గడ్డ ఎందుకు కట్టలేదు?

ప్రశ్న: గత డిసెంబరులో పెరట్లో క్యాబేజీ నారు పోశాను. మొలకలు సన్నగా సాగి సగం వాలిపోయాయి. మిగిలినవి నాటితే మార్చి దాకా ఆకులు వేశాయే గానీ గడ్డ కట్టలేదు. విత్తనం నాసిరకమా? ఈసారి బాగా వస్తే ఒక మొక్కను విత్తనానికి వదలవచ్చా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మొలిచి, అన్ని ఆకులు వేసిన విత్తనాన్ని నాసిరకం అనలేము; మీరు విత్తిన నెలతోనే చిక్కు వచ్చింది. క్యాబేజీ విత్తనం 25, 30 డిగ్రీల వేడిలోనూ వారంలోపే మొలుస్తుంది గానీ, లోపలి ఆకులు ఒకదానిపై ఒకటి ముడుచుకుని గడ్డ గట్టిపడాలంటే 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. విజయవాడలో అది డిసెంబరు, జనవరి రాత్రుళ్ళలో, అదీ అంతంత మాత్రంగానే, దొరుకుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, ఆలోగా పంట చేతికి వచ్చేలా వెనక్కి లెక్క వేసుకోండి. గోల్డెన్ ఎకర్ వంటి స్వల్పకాలిక రకం నాటిన 60, 65 రోజులకు కోతకు వస్తుంది. అంతకు ముందు నారు ఎదగడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. కనుక దసరా రోజుల్లో, ఎంత ఆలస్యమైనా అక్టోబరు నెలాఖరులోగా, విత్తనం మట్టిలో పడాలి. డ్రమ్ హెడ్ వంటి దీర్ఘకాలిక రకాల జోలికి మన ఊళ్ళో వెళ్ళకపోవడమే మంచిది.

ఇక నారు సంగతి. మొలక కనిపించిన రోజే నారు పోసిన ట్రేను ఎండలోకి మార్చకపోతే అది వెలుతురు కోసం సాగుతుంది. వాలిన మొలకను మట్టి అంచు దగ్గర పరిశీలించండి: కాడ అక్కడ గోధుమ రంగుకు తిరిగి, నీరు కారినట్లు మెత్తబడి, దారంలా సన్నబడి ఉంటే అది నారుకుళ్ళు తెగులు. ఒత్తుగా చల్లడం, అక్టోబరు ముసురులోనూ అలవాటు కొద్దీ నీళ్ళు పోయడం దానికి కారణాలు. విత్తనాన్ని సెంటీమీటరు లోతున, ఎడంగా వేసి, ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలు శిలీంధ్రం) కలిపిన మాగిన పశువుల ఎరువును మట్టిలో వాడండి. నాలుగైదు ఆకులు వచ్చిన నారును సాయంత్రం పూట, మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర అడుగుల ఎడంతో నాటాలి. కుండీ అయితే ఒక్క మొక్కే. గడ్డ కట్టే దశలో మట్టిని ఎండనిచ్చి ఒక్కసారిగా తడిపితే గడ్డ పగులుతుంది. చుట్టూ పరుచుకున్న పెద్ద ఆకులను కూరకని తుంచవద్దు, గడ్డకు ఆహారం తయారుచేసేవి అవే.

విత్తనానికి వదలాలన్న ఆలోచన మానుకోండి. క్యాబేజీ రెండేళ్ళ మొక్క; మొదటి ఏడు గడ్డ కట్టి, కొన్ని వారాలు గట్టి చలి తగిలాకే పూతకు వస్తుంది. అందుకే మన దేశంలో దాని విత్తనం కాశ్మీరు, కులూ వంటి కొండ ప్రాంతాల్లో తయారవుతుంది. ఏటా ప్యాకెట్టు కొనక తప్పదు. మిగిలిన గింజలను సిలికా జెల్ పొట్లంతో గట్టి మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మరుసటి ఏడు పనికొస్తాయి.

ప్రశ్న: క్యాబేజీ ఆకుల మీద పలుచని పొరల్లాంటి మచ్చలు పడి, తర్వాత తూట్లు పడుతున్నాయి. మందు కొట్టకుండా మార్గముందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆకును తిప్పి చూడండి. లేత ఆకుపచ్చని సన్నటి పురుగు ఉండి, తాకగానే గిలగిలలాడి దారంతో కిందికి జారితే అది డైమండ్ బ్యాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్లదశ. చిన్న పురుగు అడుగు పచ్చదనాన్ని గీకి తిని పైపొరను వదిలేయడం వల్లనే ఆ మచ్చలు ఏర్పడతాయి. దీని రెక్కల పురుగుకు ఆవ మొక్క అంటే ప్రీతి కాబట్టి, నారు నాటడానికి రెండు వారాల ముందే పోపుల పెట్టెలోని ఆవాలను మడి అంచున చల్లితే గుడ్లు చాలావరకు వాటిపైనే పెడుతుంది; పురుగు పట్టిన ఆవ మొక్కలను ఎప్పటికప్పుడు పీకి నాశనం చేయాలి. ఇప్పుడు పంట మీద ఉన్న పురుగుకు, లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పప్పును దంచి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. క్యాబేజీ ఆకుపై మైనపు పూత ఉండడం వల్ల సబ్బు లేనిదే కషాయం నిలవక జారిపోతుంది. ఆకుల అడుగు భాగం తడవడం ముఖ్యం; అప్పటికీ తగ్గకపోతే బీటీ అనే, బ్యాక్టీరియాతో తయారైన జీవ సంబంధమైన మందును ప్యాకెట్టుపై సూచించిన మోతాదులో వాడవచ్చు.