సూపర్‌వైజర్‌గా చేరబోయే మేనకోడలికి

కుషాయిగూడ,
హైదరాబాద్.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

వచ్చే నెల నుంచి నువ్వు మీ ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్‌వని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో యంత్రం ముందు కూర్చుని బతికిన ఆడవాళ్లం చాలామందిమి ఉన్నాం గాని, ఒక షిఫ్టు మొత్తానికి బాధ్యురాలైన దానివి నువ్వే మొదటిదానివి. ఆ మాట ఇరుగుపొరుగుకు నేనే వెళ్లి చెప్పి వచ్చాను. రాత్రికి మాత్రం భయం పట్టుకుంది. నీకు పని బాగా రావడమే ఆ భయానికి కారణం.

వేళకు వెళ్లడం, షిఫ్టు అప్పగింతలు పుస్తకంలో రాయడం, నలుగురిలో ఎవరినీ మందలించకపోవడం నీకు తెలిసినవే. నేను రాయదలచినది ఒక్క విషయం: యూనియన్‌లో ఉన్న కార్మికులు చేయవలసిన పనిని సూపర్‌వైజర్ తన చేత్తో ఎంతవరకు చేయవచ్చు?

దీనికి చట్టంలో సూటి సమాధానం దొరకదు. సూపర్‌వైజర్ ఉత్పత్తి పని ముట్టరాదని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేదు, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమలవుతున్న పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ లేదు. పర్యవేక్షణ పని చేస్తూ ఒక మొత్తానికి మించి జీతం తీసుకునేవారు కార్మికుల లెక్కలోకి రారని మాత్రమే ఉంది. ఆ మొత్తం పాత చట్టంలో నెలకు 10,000 రూపాయలు, కొత్త కోడ్‌లో 18,000. అసలు హద్దు ఉండేది యాజమాన్యానికీ యూనియన్‌కూ మధ్య కుదిరిన అగ్రిమెంటులో, అది లేనిచోట ఏళ్ల తరబడి నడిచిన ఆనవాయితీలో.

మా ఫ్యాక్టరీలో ఆ ఆనవాయితీని చెడగొట్టినవాడు చెడ్డవాడు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ల కాయిల్స్ చుట్టే మా సెక్షన్‌కు ఆయన సూపర్‌వైజర్. మాలాగే కింది నుంచి పైకి వచ్చినవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఇప్పటికీ ఈ చుట్టుపక్కలే ఉంటున్నారు. ఒక నెలాఖరున వైండింగ్‌లో ఒకామె సెలవు పెడితే, మాల్ పంపే గడువు దగ్గర పడిందని ఆయనే ఆమె యంత్రం మీద కూర్చున్నాడు. ఎవరూ తప్పుపట్టలేదు సరికదా, మేమే చాయ్ తెచ్చి ఇచ్చాం. మరుసటి నెల కూడా కూర్చున్నాడు. తరువాత ప్రతి నెలా చివరి వారం కూర్చోవడం మామూలైపోయింది. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. పిల్లల ఫీజులకు ఆ ఓటీ డబ్బుల మీదే ఆశ పెట్టుకున్న ఆడవాళ్లకు ఆయన మంచితనం వల్ల ఓటీ రాకుండా పోయింది. నోరు విప్పి అడగడానికి వాళ్లకు మొహమాటం అడ్డొచ్చింది.

ఆ పైన ఒకామె రిటైరైతే ఆ పోస్టు నింపలేదు. యూనియన్ కమిటీ తరఫున మేం అడగడానికి వెళితే, మేనేజర్ ఉత్పత్తి రిజిస్టరు తెరిచి, ఒక మనిషి తగ్గినా కాయిల్స్ లెక్క తగ్గలేదు కదా అన్నాడు. ఆ లెక్కలో సూపర్‌వైజర్ చుట్టిన కాయిల్స్ కూడా ఉన్నాయి గాని ఎవరు చుట్టారో అందులో లేదు. పైగా ఆ అంకెలు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. ఒక షిఫ్టులో గాని, ఒక పనిలో గాని మనుషుల సంఖ్యను తగ్గించాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి గదా అని మేమన్నాం. ఎవరినీ తీసేయలేదు గదా అని వాళ్లన్నారు. వ్యవహారం కార్మిక శాఖ ఆఫీసు ఉన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ దాకా వెళ్లింది. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి అయిన మనిషి పేరున్న ఆ భవనం మెట్లెక్కేటప్పుడు నాకు ధైర్యంగా ఉండేది, దిగేటప్పుడు నీరసంగా ఉండేది. చివరికి, అత్యవసరంలోనూ కొత్తవారికి నేర్పేటప్పుడూ తప్ప సూపర్‌వైజర్లు ఉత్పత్తి పని చేయరాదన్న వాక్యం ఒప్పందంలోకి ఎక్కింది. పోయిన పోస్టు మాత్రం తిరిగి రాలేదు. ఆయనను కూర్చోమని తాము ఎన్నడూ చెప్పలేదని యాజమాన్యం చేతులు దులుపుకుంది. అంతవరకు మా మధ్య కూర్చుని భోంచేసిన మనిషి ఆ తరువాత టిఫిన్ డబ్బా తన బల్ల దగ్గరే విప్పుకునేవాడు.

నువ్వు అచ్చం ఆయనలాంటిదానివి. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్ల చేతిలోని గరిటె లాక్కుని అన్ని బంతులకూ నువ్వే వడ్డించి, చివరికి తినకుండా నిద్రపోయేదానివి. ఎన్నిసార్లు తిట్టానో! తిట్టిన తరువాత నిద్రలోనే నీ నోట్లో పెరుగన్నం పెట్టేదాన్ని. ఆ గుణం పోవాలని కోరను గాని, ఫ్యాక్టరీలో నువ్వు లాక్కునే గరిటె వెనుక ఇంకొకరి కూలి ఉంటుందని గుర్తుంచుకో.

అమెరికాలో ఉన్న మీ బావ అక్కడి పోస్టల్ శాఖ ఒప్పందం గురించి ఒకసారి చదివి వినిపించాడు. యూనియన్ పరిధిలోని ఉద్యోగులు 100 మంది గాని, అంతకు మించి గాని ఉన్న ఆఫీసులో సూపర్‌వైజర్ వాళ్ల పని చేయరాదు. మినహాయింపులు అయిదే: అత్యవసర పరిస్థితి, ఉద్యోగులకు శిక్షణ, పరికరం సరిగా నడుస్తోందో లేదో చూడడం, ఉద్యోగుల భద్రత, సంస్థ ఆస్తి రక్షణ. మీ అగ్రిమెంటులో ఏమీ లేకపోయినా వీటినే నీ హద్దుగా పెట్టుకో. అయితే ఒక్కొక్కదానికీ ముగింపు ఉండాలి. నేర్పేటప్పుడు ఒక కాయిల్ చుట్టి చూపించి సీటు అప్పగించు, పెట్టె నిండేదాకా కూర్చోకు. మనిషి రాకపోవడం ఒక్కటే అత్యవసరం కాదు. ముందు రిలీవర్‌ను, అంటే బదులు చేసే మనిషిని అడుగు, తరువాత ఓటీకి ఎవరు సిద్ధమో అడుగు. తప్పనిసరై చేయి వేస్తే ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎందుకు, ఎన్ని ముక్కలు అన్నది నీ పేరుతోనే రిజిస్టరులో రాయి.

నడుస్తున్న యంత్రంలో మాత్రం ఏ మినహాయింపు కిందా చేయి పెట్టకు. చున్నీ గట్టిగా ముడివేసుకో, వీలైతే వేసుకోకుండానే వెళ్లు. రోజూ చేసేవాళ్లకు ఉండే అలవాటు నాలుగు నెలలు దూరమైతే చేతికి ఉండదు. నీకు మాత్రం ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. ఇది యూనియన్ సంగతి కాదని నవ్వుతావేమో, నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

ఇంకొక మాట. సమ్మె వస్తే యంత్రాలు నడపమని మొదట మిమ్మల్నే అడుగుతారు. నోటిమాట మీద ఒప్పుకోకు, రాతపూర్వకంగా ఇమ్మను. నీకు రాని యంత్రమైతే రాదని నువ్వూ రాసివ్వు. మామూలు రోజుల్లోనే షిఫ్టులో ఎక్కువ భాగం నీ చేత యంత్రం పనే చేయిస్తుంటే, నీ ప్రమోషన్ పేరుకేనేమో, యూనియన్ నుంచి ఒక మనిషిని తప్పించడానికేనేమో అని ఆలోచించు. కోర్టులు హోదా పేరు చూడవు, ప్రధానంగా చేసే పని ఏమిటో చూస్తాయి. కాబట్టి రోజూ ఏం చేశావో సొంత డైరీలో రాసి పెట్టుకో.

చేరకముందే అగ్రిమెంటు కాపీ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో అడుగు. అక్కడ ఆలస్యం చేస్తే నిన్నటిదాకా నీతో పనిచేసిన యూనియన్ వాళ్లనే అడుగు, సిగ్గుపడకు. ఆదివారం అది పట్టుకుని ఇంటికి రా. నా కళ్లద్దాలు మారాయి, సన్న అక్షరాలు కూడా చదవగలను.

ఇట్లు,
మీ అత్త