మెంబ్రేన్‌కు ముందు కావాల్సింది క్లోరిన్‌ను తట్టుకునే బలం

ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ఆర్‌ఓ మెంబ్రేన్లు, అంటే ఉప్పును ఆపి నీళ్లను దాటనిచ్చే పలుచని పొరలు, ఎక్కువ కాలం మన్నాలంటే ఏం మార్చాలి అని అడిగారు. క్లోరిన్‌ను తట్టుకునేలా చేయాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

కనిగిరి దగ్గర మా ఊళ్లో ఆరేళ్లు వాటర్ ప్లాంటు నడిపాను. మా వైపు బోరు నీళ్లలో ఉప్పుతో పాటు ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాను కాబట్టి ప్లాంటులోని నాలుగు మెంబ్రేన్లనూ కంటికి రెప్పలా చూసుకునేవాణ్ని.

ఒక వేసవిలో ట్యాంకుకు పాచి పట్టిందని మా కుర్రాడు బ్లీచింగ్ పౌడర్ దండిగా కలిపి, ఆ నీళ్లు పారబోయకుండానే మోటారు వేశాడు. ఆ పౌడర్‌లోని క్లోరిన్‌ను ఆపాల్సిన కార్బన్ ఫిల్టర్ పని అప్పటికే అయిపోయింది. మార్చమని రెండు నెలలుగా సర్వీసు వాళ్ల చుట్టూ తిరుగుతున్నాను. ఫోన్ ఎత్తరు, ఎత్తితే రేపంటారు. అమ్మేటప్పుడున్న మర్యాద తర్వాత ఉండదు. మూడో రోజు క్యాన్లు గబగబా నిండుతుంటే బాగుందే అనుకున్నాం. సాయంత్రం ఒక అవ్వ క్యాను వెనక్కి పంపించి, "అబ్బాయా, నీళ్లు ఉప్పగా తగులుతున్నాయి, చూసుకో" అంది. మీటరు పెడితే 70 ఉండాల్సిన టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 410 చూపించింది. నీళ్లు ఎక్కువ రావడమే పొర పాడైందనడానికి గుర్తని అప్పుడు తెలిసింది. కొత్తవి వచ్చేదాకా తొమ్మిది రోజులు ఊరు మళ్లీ బోరు నీళ్లే తాగింది. అది నాకు ఇప్పటికీ బాధే.

మెంబ్రేన్‌లో ఉప్పును ఆపే పాలిఅమైడ్ (నైలాన్ జాతి ప్లాస్టిక్) పొర మందం మిల్లీమీటరులో పదివేల వంతు, కాస్త అటూ ఇటూ. 1970ల్లో అమెరికాలో జాన్ కాడాట్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతిలోనే ఇప్పటికీ ఎక్కువగా చేస్తున్నారు. అందులోని నైట్రోజన్‌ను క్లోరిన్ పట్టుకుంటే పొర సడలిపోతుంది. అంతకు ముందు లోబ్, సౌరిరాజన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన సెల్యులోజ్ అసిటేట్ పొర కొద్దిపాటి క్లోరిన్‌ను ఓర్చుకునేది. కానీ దాన్ని బ్యాక్టీరియా తినేసేది, ప్రెజర్ కూడా ఎక్కువ కావాల్సి వచ్చేది.

సముద్రపు నీటి ప్లాంట్లకూ ఇదే తిప్పలు. సూక్ష్మజీవులను చంపడానికి నీళ్లలో క్లోరిన్ వేస్తే, మెంబ్రేన్ దగ్గరికి వచ్చేసరికి సోడియం బైసల్ఫైట్‌తో దాన్ని తీసేయాలి. అంటే సూక్ష్మజీవులు జిగురులా పేరుకునే చోటికే మందు చేరదు. ఆ జిగురును కెమికల్స్‌తో కడిగిన ప్రతిసారీ పొర ఆయుష్షు తగ్గుతుంది.

పరిశోధకులేమో గ్రాఫీన్ అనీ నానోట్యూబులనీ నీళ్లు ఇంకా వేగంగా దాటే పొరల వెంట పడ్డారు. ఆ వేగం మా ఊరికి అక్కర్లేదు. సల్ఫోనేటెడ్ పాలిసల్ఫోన్ లాంటి ప్లాస్టిక్ పొరలు క్లోరిన్‌కు నిలబడతాయి, కానీ పాలిఅమైడ్ అంత బాగా ఉప్పును ఆపలేవు. ఆ లోటు పూడ్చే పని మీద కూర్చోవాలి.

అప్పటిదాకా ప్లాంటు ఉన్నవాళ్లు రోజూ పొద్దున్నే కార్బన్ ఫిల్టర్ దాటిన నీళ్లను క్లోరోస్కోప్‌తో (క్లోరిన్ ఉంటే నీళ్లకు పసుపు రంగు తేల్చి చూపే కిట్) చూడండి. కాస్త పసుపు తేలినా మోటారు ఆపేయండి.