ఫోనొస్తే గుండె దడ, సూది గుచ్చితే కళ్లు తిరగడం.. రెండూ టెన్షనేనా?

ప్రశ్న: నా వయసు 41. మాది నల్గొండ దగ్గర పల్లె, నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. రెండు బోర్లు ఎండిపోయినయి. అప్పిచ్చినాయన ఫోన్ చేస్తే చాలు గుండె దడదడ కొట్టుకుంటది, వాచీలో 120 చూపిస్తది. పోయిన నెల రక్తపరీక్షకు సూది గుచ్చినప్పుడు మాత్రం ఉల్టా అయింది. చెమటలు పట్టి పడిపోయిన, నాడి బాగా తగ్గిందని నర్సమ్మ చెప్పింది. ఈసీజీ మంచిగనే ఉంది, టెన్షన్ తగ్గించుకో అన్నరు. టెన్షన్ మనసులో ఉండేది కదా డాక్టర్, అది గుండెను ఒకసారి ఉరికించి, ఒకసారి ఆపేది ఎట్ల?

జవాబు: 'టెన్షన్ తగ్గించుకో' అని పంపించేయడం మా డాక్టర్లకు బాగా అలవాటు. ఓపీలో లైను బయటి దాకా ఉన్న రోజు నేనూ అనే ఉంటాను. మీరు అడిగినదానికి అది జవాబు కాదు.

గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉంటోందంటే, వేగస్ అనే నరం ఎద్దుకు పగ్గం పట్టినట్టు దాన్ని పట్టి ఉంచుతోందన్నమాట. ఆ పగ్గం పట్టుకున్న కణాల్లో ఎక్కువ భాగం మెదడు కాండంలో, అంటే మెడ వెనక మెదడు వెన్నుపాములోకి దిగే చోట, న్యూక్లియస్ ఆంబిగ్యువస్ అనే చిన్న గుంపుగా ఉంటాయి (హద్దులు సరిగ్గా తేలక 'అస్పష్టం' అని అర్థం వచ్చే పేరే పెట్టేశారు). ఫోన్ మోగగానే ఈ పగ్గం వదులవుతుంది, ఇంకోవైపు గుండెను ఉరికించే సింపథెటిక్ నరాలు అదిలిస్తాయి, వాచీలో 120 పడుతుంది.

మనసులోని భయం అక్కడిదాకా ఎలా వెళ్తుందంటే, నరాల సంకేతాలతో పాటు పెప్టైడ్‌లనే చిన్న ప్రోటీన్ ముక్కలు కూడా ఆ కబురు మోస్తాయి. సీఆర్ఎఫ్ (కార్టికోట్రోపిన్ రిలీజింగ్ ఫ్యాక్టర్) అనేది వాటిలో ముఖ్యమైనది. 1981లో అమెరికా శాస్త్రవేత్త వైలీ వేల్ బృందం గొర్రెల మెదళ్ల నుంచి దాన్ని వేరుచేసింది, 41 అమైనో ఆమ్లాల గొలుసు. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను పెంచేదిగానే దానికి పేరు, కానీ మెదడు లోపల కూడా కబుర్లు మోస్తుంది. ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే గుండె వేగం, బీపీ రెండూ పెరుగుతాయి. తమాషా ఏమిటంటే, దాని కుటుంబానికే చెందిన యూరోకార్టిన్-3ని నేరుగా ఆ న్యూక్లియస్ ఆంబిగ్యువస్‌లో వేస్తే ఎలుక గుండె నెమ్మదిస్తుంది, 2012లో ఈ ఫలితాలు వచ్చాయి. అంటే ఒత్తిడి రసాయనాలన్నీ గుండెను ఉరికించేవే కావు, ఏది ఏ కణాల మీద పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది ఎలుకల ముచ్చట, దీన్ని ఆపే గోలీ ఏదీ మందుల షాపులో దొరకదు.

సూది దగ్గర మీకు జరిగింది మాత్రం మాకు రోజూ కనిపించేదే, వేసోవేగల్ సింకోపీ అంటాం. పగ్గం ఒక్కసారిగా బిగుసుకుని, అదే సమయంలో రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. ఇకమీదట రక్తం ఇచ్చేటప్పుడు ముందే చెప్పి పడుకుని ఇవ్వండి. ఎండలో తోటలో తిరిగి, నీళ్లు తాగకుండా, ఒట్టి చాయ్ మీద వెళ్లొద్దు. కళ్లు మసకబారుతున్నట్టు అనిపిస్తే కాళ్లు మెలివేసి తొడలు గట్టిగా బిగించండి, అయినా తగ్గకపోతే అక్కడే పడుకోండి, సిగ్గేం లేదు.

ఆ పగ్గం మీ చేతికే తెలుస్తుంది, ఇప్పుడే చూడండి. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిదానంగా గాలి పీల్చండి, నాడి కొంచెం వేగమవుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, తెలియకపోతే కంగారు వద్దు. ఫోన్ పెట్టేశాక ఐదు నిమిషాలు, నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున, వదలడం కాస్త ఎక్కువసేపు ఉండేలా చేయండి. అప్పు తీరదు గానీ దడ తగ్గుతుంది.

అంతా టెన్షన్ మీదకే నెట్టేయడం కూడా నాకిష్టం లేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి, పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ కొలిపించుకోండి. దడ ఫోన్‌తో సంబంధం లేకుండా వస్తుంటే 24 గంటల హోల్టర్ పరీక్ష (ఒంటికి చిన్న యంత్రం తగిలించి రోజంతా ఈసీజీ తీయడం) అవసరం. పని చేస్తూ చేస్తూ పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఆలస్యం చేయకుండా గుండె డాక్టర్‌ను కలవండి. పక్కింటాయన వాడుతున్నాడని దడ తగ్గే గోలీలు మింగొద్దు, ఆస్తమా ఉన్నవాళ్లకు వాటిలో కొన్ని ప్రమాదం. అప్పుల ఆలోచనతో నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.